ఇంటిపేరు వెంట పోతే అమ్మమ్మ దొరకదు

ఇంగ్లండులో వంశవృక్షం గీసుకోవడం ఒక పెద్ద వ్యసనం. ఉద్యోగ విరమణ చేసినవాళ్ళలో కొందరు గులాబీలు పెంచుకుంటారు, కొందరు ఈ చెట్టు పెంచుకుంటారు. మంచి వ్యసనమే. కాకపోతే ఆ చెట్టు ఒకసారి చూపించమని అడగండి. తండ్రి, తాత, ముత్తాత, ఆయన తండ్రి... మగవాళ్ళ గడులన్నీ పుట్టిన తేదీ, పోయిన తేదీ, ఊరు, వృత్తితో సహా నిండుగా ఉంటాయి. పక్కన భార్య గడిలో "మేరీ" అని ఉండి, ఆ తర్వాత ఒక ప్రశ్నార్థకం ఉంటుంది. అది పదిహేనేళ్ళ కింద పెట్టిన ప్రశ్నార్థకం. ఇదేమిటంటే అందరిదీ ఒకటే జవాబు: ఆడవాళ్ళు దొరకరు, పెళ్ళయి ఇంటిపేరు మారిందంటే పాత పారిష్ రిజిస్టర్లలోంచి మాయమే.

ఈ మాట ఇప్పుడు సిద్ధాంతమై కూర్చుంది. దానికి రెండు గొంతులున్నాయి. మొదటిది నిట్టూర్పు. ఆ కాలపు పాదిరులకు ఆడదాని పేరు రాయాలని తోచలేదు, మనమేం చేస్తాం అంటుంది. రెండోది ఆగ్రహం. మగవాళ్ళ సమాజం ఆడదాన్ని కాగితాల్లోంచి పనిగట్టుకుని తుడిచేసింది అంటుంది. రెండోదానికి సభల్లో చప్పట్లు ఎక్కువ. నిట్టూర్చినవాళ్ళూ, కోప్పడినవాళ్ళూ ఆ తర్వాత చేసే పని మాత్రం ఒకటే, పుస్తకం మూసెయ్యడం.

నా లెక్కలో ఈ సిద్ధాంతం ముప్పాతిక మువ్వీసం తప్పు. మిగిలిన వీసం నిజమే. దాని దగ్గరికి చివర వస్తాను. ఆ వీసం మన హైదరాబాదు దాకా వస్తుంది కూడా.

ముందు ఆ పుస్తకాల సంగతి. 1538లో, ఎనిమిదో హెన్రీ కొలువులో చక్రం తిప్పుతున్న థామస్ క్రామ్‌వెల్, ప్రతి పారిష్‌లోనూ ఒక పుస్తకం పెట్టమని ఉత్తర్వు ఇచ్చాడు. పారిష్ అంటే ఒక చర్చి, దాని కిందికి వచ్చే ఊరో, నాలుగైదు పల్లెలో. ఆ వారం జరిగిన పెళ్ళిళ్ళు, బాప్తిస్మాలు, ఖననాలు ఆదివారం నాడు వార్డెన్ల ఎదుట పాదిరి అందులో ఎక్కించాలి. ఇదేదో కొత్త పన్నుకు ఎత్తు అని జనం గుసగుసలు పోయారు. 1598లో పాత కాగితాల్లో ఉన్నదంతా తోలు పత్రాల మీదికి తిరగరాయమన్నారు. అందులో "ముఖ్యంగా ఎలిజబెత్ రాణి గద్దెనెక్కినప్పటి నుంచి" అన్న వెసులుబాటు ఒకటి ఉంది. దాన్ని పట్టుకుని చాలామంది పాదిరులు 1558కి ముందున్నదంతా ఎగ్గొట్టారు. ఏటా ఒక నకలు బిషప్పుకు పంపాలన్న నియమం కూడా అప్పటిదే. 1603లో ఆ పుస్తకం దాచే పెట్టెకు మూడు తాళాలు వెయ్యమన్నారు. ఒక తాళంచెవి పాదిరి దగ్గర, మిగతా రెండూ ఇద్దరు వార్డెన్ల దగ్గర.

ఎగ్గొట్టిన తరాల్లో పోయింది ఆడవాళ్ళ పేర్లు మాత్రమే కాదు. చెమ్మ తగిలి చెరిగినవి, ఎలుకలు కొట్టినవి, 1640ల అంతర్యుద్ధంలో అసలు రాయనే రాయనివి, ఇవన్నీ జాన్‌కూ మేరీకీ సమానంగా జరిగిన నష్టాలే. మేరీ దొరకకపోతే పాదిరిని తిట్టేవాళ్ళు, జాన్ దొరకకపోతే ఎలుకను తిడతారు.

ఇక పెళ్ళి రిజిస్టరుకు వద్దాం. "ఆడది మాయమైపోయే చోటు" అని అందరూ వేలు చూపించేది దాన్నే. 1753లో హార్డ్‌విక్ చట్టం వచ్చింది, 1754 మార్చి 25 నుంచి అమలైంది. చర్చిలో, ప్రకటనతోనో లైసెన్సుతోనో జరగని పెళ్ళి చెల్లదు. ఇద్దరు సాక్షులు కూడా ఉండాలి. క్వేకర్లకూ యూదులకూ మినహాయింపు. మూడు ఆదివారాలు పెళ్ళి ప్రకటన చదవడం మన సీఎస్ఐ చర్చిలకు వెళ్ళేవాళ్ళకు బాగా తెలిసిన ఆచారమే. దాని మూలం ఆ ఇంగ్లండు చర్చి పద్ధతే. ఈ చట్టం కింద పెళ్ళి వివరాలు ఒక పద్ధతి ప్రకారం ఎక్కడం మొదలైంది. వరుడి పేరు, ఇంటిపేరు, పారిష్. వధువు పేరు, పుట్టింటి ఇంటిపేరు, పారిష్. ఇద్దరి సంతకాలు, సాక్షుల సంతకాలు. పెళ్ళికూతురి తండ్రి పేరు లేదంటారా? పెళ్ళికొడుకు తండ్రి పేరూ లేదు. ఒకరికి ఉన్న గడి రెండోవారికీ ఉంది. ఒకరికి లేనిది రెండోవారికీ లేదు.

ఆ సంతకం దగ్గర ఒక్క నిమిషం ఆగండి. పద్దెనిమిదో శతాబ్దం నడిమిలో అరవై శాతానికి పైగా పెళ్ళికూతుళ్ళకు సంతకం చెయ్యడం రాదు. వాళ్ళు గీత పెట్టారు, ఇంటూ మార్కు. గుమాస్తా ముందుగానే పేరు రాసి, పేరుకూ ఇంటిపేరుకూ మధ్య కాస్త జాగా వదిలేవాడు. ఆ జాగాలో గీత పడుతుంది. ఒక గీత నిటారుగా ఉంటుంది, ఒకటి వణుకుతుంది, ఒకచోట సిరా బొట్టు పడి ఇంకిపోయి ఉంటుంది. పొలంలోనూ పాలకొట్టంలోనూ పనిచేసిన చెయ్యి బతుకులో కలం పట్టింది బహుశా ఆ ఒక్కసారే. ఆడదాన్ని తుడిచేసిందని మనం తిట్టే పుస్తకంలో ఆమె చేతి గురుతు రెండున్నర శతాబ్దాలుగా ఉంది.

అసమానత వచ్చింది ఆ తర్వాత. 1837 జులై 1 నుంచి ప్రభుత్వం జనన మరణ వివాహాల నమోదు చేపట్టింది. కొత్త పెళ్ళి ఫారంలో ఇద్దరి తండ్రుల పేర్లూ, వాళ్ళ వృత్తులూ అడిగారు. తల్లుల ఊసే లేదు. ఇంగ్లండు, వేల్స్ పెళ్ళి పత్రాల్లో తల్లుల పేర్లు చేరింది ఎప్పుడనుకున్నారు? 2021 మే 4న. నూట ఎనభై నాలుగేళ్ళు పట్టింది. ఆగ్రహించేవాళ్ళు ఆగ్రహించాల్సింది ఇక్కడ. కానీ ఈ పాపాన్ని వాళ్ళు వెనక్కి జరిపి, ఊరి పాదిరుల నెత్తిన వేస్తారు.

అసలు ఆ పాదిరుల్లో కొందరు ఏం చేశారో చూడండి. యార్క్‌షైర్‌లో విలియం డేడ్ అనే పాదిరి 1770లలో ఒక కొత్త పద్ధతి పెట్టాడు. బాప్తిస్మం రాసేటప్పుడు బిడ్డ తండ్రి ఎవరి కొడుకో, ఏ ఊరివాడో రాయాలి. తల్లి ఎవరి కూతురో, ఏ ఊరిదో కూడా రాయాలి. అంటే ఒక్క వరసలో మూడు తరాలు, రెండు వైపులా! 1777లో యార్క్ ఆర్చిబిషప్పు విలియం మార్క్‌హమ్ దీన్ని తన పరిధి అంతటా పాటించమన్నాడు. డర్హమ్ బిషప్పు షూట్ బారింగ్టన్ 1798 నుంచి ఇలాంటిదే అమలుచేశాడు, అందులో తల్లి పుట్టింటి ఇంటిపేరు ఉంటుంది. పెద్ద పారిష్‌ల పాదిరులు రాయలేక చేతులు పడిపోతున్నాయని మొరపెట్టుకున్నారు, చాలాచోట్ల అటకెక్కించారు. చివరికి దీని పీక నొక్కింది పార్లమెంటు. 1813 జనవరి 1 నుంచి దేశమంతటికీ ఒకే అచ్చు ఫారం వచ్చింది. అందులో తండ్రి వృత్తికి గడి ఉంది, తల్లి పుట్టింటి ఇంటిపేరుకు లేదు. ఒక యార్క్‌షైర్ పాదిరి అడిగిన ప్రశ్న లండన్‌లో ఫారం తయారుచేసినవాళ్ళకు తోచలేదు.

దొరకని ఆడది అనగానే ఇంగ్లీషువాళ్ళకు మొదట గుర్తొచ్చేది షేక్‌స్పియర్ భార్య. ఆమె బాప్తిస్మం ఎక్కడా లేదు. పెళ్ళి ఏ చర్చిలో జరిగిందో తెలియదు. ఖననం రిజిస్టర్లో "మిసెస్ షేక్‌స్పియర్" అని ఉంది కానీ సొంత పేరు లేదు. భర్త వీలునామాలో సైతం "నా భార్య" అనే ఉంది, పేరు లేదు. తుడిచేశారనే సిద్ధాంతానికి ఇంతకంటే మంచి సాక్ష్యం ఉండదు కదా! అయితే ఒక్కొక్కటే తీసుకుందాం.

బాప్తిస్మం ఎందుకు లేదు? ఆమె సమాధి ఫలకం మీద 1623 ఆగస్టు 6న, 67వ ఏట పోయిందని ఉంది. అంటే పుట్టింది 1556 ప్రాంతంలో. స్ట్రాట్‌ఫర్డ్ రిజిస్టరు మొదలయ్యేది 1558లో. ఆమెను ఎవరూ తుడవలేదు, ఆ పుస్తకమే ఆమెకన్నా చిన్నది. పెళ్ళి సంగతి? చర్చి పుస్తకం వదిలిపెట్టి వూస్టర్ బిషప్పు కచేరీ కాగితాలు తియ్యాలి. 1582 నవంబరు 27న అక్కడి గుమాస్తా లైసెన్సు ఇచ్చినట్టు ఎక్కించాడు, వధువు "టెంపుల్ గ్రాఫ్టన్‌కు చెందిన ఆన్ వేట్లీ" అని. మర్నాడు, 28న, ఇద్దరు రైతులు నలభై పౌండ్లకు పూచీకత్తు రాశారు. అందులో వధువు స్ట్రాట్‌ఫర్డ్‌కు చెందిన ఆన్ హాథవే. ఒక్కరోజు తేడాలో రెండు ఇంటిపేర్లు! దీని మీద ఎన్ని ప్రేమకథలు అల్లారో చెప్పలేం. షేక్‌స్పియర్ ఒకతెను ప్రేమించాడట, గర్భవతి అయిన ఇంకొకతెను బలవంతాన కట్టబెట్టారట. అదే రోజుల్లో ఆ కచేరీలో వేట్లీ అనే ఇంటిపేరుగల మనిషి తాలూకు వ్యాజ్యం ఒకటి నడుస్తోంది. గుమాస్తా చెయ్యి తప్పి ఆ పేరు ఇక్కడ పడిందనేది ఎక్కువమంది పండితుల మాట. ఒక గుమాస్తా పొరపాటున లేని ఆడది పుట్టింది. అలాంటి గుమాస్తాలే రాసిన కాగితాల్లో ఉన్న ఆడది కనబడకపోవడం పెద్ద వింతేం కాదు.

ఇక ఆమె పేరు. అది మొగుడి కాగితాల్లో లేదు, తండ్రి కాగితాల్లో ఉంది. తండ్రి రిచర్డ్ హాథవే 1581లో వీలునామా రాశాడు. పెళ్ళి రోజున ఇవ్వమని ఒక కూతురికి ఆరు పౌండ్ల పదమూడు షిల్లింగుల నాలుగు పెన్నీలు రాశాడు. ఆ కూతురి పేరు ఆన్ అని రాయలేదు, ఆగ్నెస్ అని రాశాడు. ఆ కాలంలో ఆగ్నెస్‌ను "ఆనిస్" అని పలికేవాళ్ళు, ఆన్‌కూ దానికీ పెద్ద తేడా ఉండేది కాదు. మ్యాగీ ఓఫారెల్ 2020లో రాసిన "హామ్నెట్" నవలలో షేక్‌స్పియర్ భార్యను ఆగ్నెస్ అని పిలిచింది ఈ వీలునామా చూసే. పూచీకత్తు రాసిన రైతులు ఫల్క్ శాండెల్స్, జాన్ రిచర్డ్‌సన్ ఇద్దరూ ఆ తండ్రి వీలునామాలోనూ కనిపిస్తారు. ఒకరు దాని అమలు చూడాల్సిన పెద్దమనిషి, ఒకరు సాక్షి. తండ్రి పోయిన ఇంటి ఆడపిల్ల పెళ్ళి దగ్గరుండి జరిపించినవాళ్ళన్నమాట. కావాల్సినదంతా ఉంది, వేరు వేరు పెట్టెల్లో ఉంది.

ఇంతటితో కూడా ఆగలేదు. హెర్‌ఫర్డ్ కెథడ్రల్ గ్రంథాలయంలో 1608లో అచ్చయిన ఒక పుస్తకం అట్టలో, బైండింగువాడు అతుకుకు వాడిన చిత్తు కాగితంగా, ఒక ఉత్తరం ముక్క బయటపడింది. అది "మిసెస్ షేక్‌స్పియర్"కు రాసిన ఉత్తరం. ఆమె లండన్‌లో ట్రినిటీ లేన్‌లో ఉన్నట్టు అందులో ఉంది. 1978లోనే కంటపడినా ఎవరూ పట్టించుకోలేదు. 2025లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు మాథ్యూ స్టెగుల్ అది ఈమెకు రాసినదే కావచ్చని వాదించాడు. కావచ్చు అనే అంటున్నాను. అదే నిజమైతే, మొగుడు లండన్‌లో ఊరేగుతుంటే ఊళ్ళో పడి ఉన్న పెళ్ళాం అన్న పాత కథ ఒక చిత్తు కాగితంతో ఎగిరిపోతుంది.

షేక్‌స్పియర్ పెళ్ళాం కాబట్టి అంతమంది వెతికారు, మా మేరీ పేదది, ఆమెకెవరున్నారు అంటారేమో. అక్కడే సిద్ధాంతం బోర్లా పడుతుంది. పాత ఇంగ్లండులో ఆడదాని గురించి కాగితం పెరగాలంటే ఆమె గొప్పింటిదై ఉండనక్కర్లేదు, ఊరికి ఖర్చు తెస్తే చాలు.

1601 చట్టం ప్రకారం పేదలను పోషించే భారం ఏ పారిష్‌ది ఆ పారిష్‌దే. ఊళ్ళో ఆస్తిపరుల దగ్గర పన్ను వసూలు చేసి పంచడానికి ఓవర్సీర్లు ఉండేవారు. 1662లో ఇంకో చట్టం వచ్చింది. బయటి ఊరివాళ్ళు వచ్చి చేరి, రేపు పేదరికంలో పడి తమ నెత్తిన కూర్చుంటారనే అనుమానం వస్తే, వాళ్ళను సొంత పారిష్‌కు తరిమెయ్యొచ్చు. మరి సొంత పారిష్ ఏది? అది తేల్చడానికి మేజిస్ట్రేటు ఎదుట ప్రమాణం చేయించి వాంగ్మూలం తీసుకునేవారు. ఎక్కడ పుట్టావు, ఎవరింట్లో పనికి కుదిరావు, ఏడాది పూర్తిగా చేశావా, జీతమెంత, ఏ చర్చిలో పెళ్ళయింది, మొగుడు ఏమయ్యాడు, పిల్లలెందరు, ఎవరికెన్నేళ్ళు? ఒక విధవ చెప్పిన ఇలాంటి వాంగ్మూలం ఒక్క కాగితంలో ఆమె బతుకంతా ఉంటుంది. బాప్తిస్మం రిజిస్టర్లో ఒక్క వరస కూడా నిండని మనిషి ఇక్కడ పేజీ నిండుతుంది.

పెళ్ళికాకుండా కడుపొస్తే ఇక కాగితాలే కాగితాలు. బిడ్డను పోషించే ఖర్చు ఊరిది కాబట్టి తండ్రెవరో తేలాలి. మేజిస్ట్రేటు అడుగుతాడు, చెప్పకపోతే నొప్పులు పడుతున్నప్పుడు మంత్రసాని అడుగుతుంది. పేరు చెప్పాక వాడి చేత హామీపత్రం రాయిస్తారు. ఆపైన ఓవర్సీర్ల ఖాతాలో వారం వారం పద్దులు పడతాయి: మంత్రసానికి ఇంత, బిడ్డ గుడ్డలకు ఇంత, తల్లికి ఒక జత బూట్లు, చలికాలం బొగ్గు. బిడ్డ చనిపోతే శవపేటిక ఖర్చు. కొన్నిచోట్ల ఊరే పూనుకుని వాడికి పెళ్ళి చేసేది. పెళ్ళయితే ఆడది మొగుడి పారిష్ లెక్కలోకి పోతుంది, ఖర్చు తప్పుతుంది. నార్ఫోక్ పాదిరి జేమ్స్ వుడ్‌ఫోర్డ్ తన డైరీలో 1787 జనవరిలో జరిపించిన అలాంటి పెళ్ళి ఒకటి రాశాడు. పెళ్ళికొడుకు బందీగా వచ్చాడు, చర్చి ఆవరణలో చాలాసేపు మొరాయించాడు. ఆ పాదిరికే ఆ పని రోతగా అనిపించింది.

ఇది దయతో చేసిన రాత కాదు, పైసలు మిగుల్చుకోవడానికి చేసిన రాత. అందుకే ఇంత వివరంగా ఉంది. ఊళ్ళో ధాన్యం వ్యాపారి భార్య "ఫలానావారి భార్య" అనే రెండు మాటలతో సమాధిలోకి పోయింది. ఆమె ఇంట్లో గిన్నెలు తోమి కడుపు చేయించుకున్న పిల్ల గురించి పది కాగితాలు మిగిలాయి. రికార్డు ఆడవాళ్ళ పేర్లు దాచిందనే సిద్ధాంతం ఈ తేడాను ఎలా వివరిస్తుందో నాకు చెప్పండి. రికార్డు చూసింది లింగభేదం కన్నా ముందు డబ్బు.

ఇక్కడ ఇంకో చిన్న ప్రశ్న కూడా అడగాలి. 1964లో పీటర్ లాస్లెట్, టోనీ రిగ్లీ కేంబ్రిడ్జిలో జనాభా చరిత్ర పరిశోధన బృందం ఒకటి పెట్టారు. ఊళ్ళ నుంచి స్వచ్ఛందంగా పనిచేసినవాళ్ళు 404 పారిష్‌ల రిజిస్టర్ల లెక్కలు తీసి పంపారు. డెవాన్‌లో కోలిటన్ అనే ఊరి రిజిస్టరు తీసుకుని రిగ్లీ కుటుంబాలకు కుటుంబాలను తిరిగి కట్టి చూపించాడు. ఫలానా బాప్తిస్మం పొందిన పిల్లే ఫలానా పెళ్ళికూతురు, ఆమే ఫలానా నలుగురు బిడ్డల తల్లి అని ముడి మీద ముడి వేసుకుంటూ. ఇలాంటి పనితోనే పదిహేడో శతాబ్దపు ఇంగ్లండులో ఆడవాళ్ళ మొదటి పెళ్ళి వయసు సగటున 26 దాకా ఉండేదని తేలింది. మన బాల్యవివాహాల చరిత్ర తెలిసినవాళ్ళకు ఆశ్చర్యంగా ఉంటుంది కానీ, అది వేరే కథ. పెళ్ళితో ఆడది మాయమయ్యే పుస్తకాల్లోంచి ఆమె పెళ్ళి వయసు ఎలా లెక్కగట్టారు? ఊరొదిలి పోయినవాళ్ళు ఆ లెక్కలోంచి జారిపోతారన్నది నిజం. అయితే జారిపోయినవాళ్ళలో మగవాళ్ళూ ఉన్నారు.

మరి మేరీ ఎందుకు దొరకదు? వెతికేవాడు ఇంటిపేరును పట్టుకుని నడుస్తాడు కనక. కంప్యూటర్లో వెతుకుడు పెట్టె మొదట అడిగేది ఇంటిపేరే. అది తెలియదు, కాబట్టి దొరకదు, కాబట్టి లేదు! ఇంటిపేరు మారకపోవడం వల్ల మగవాడు సులువుగా దొరుకుతాడనేదీ ఒక భ్రమే. ఒకే ఊళ్ళో ఒకే పేరున్న ముగ్గురు జాన్‌లుంటే, నచ్చిన జాన్‌ను తాతను చేసుకుని చెట్టు గీసినవాళ్ళు కొల్లలు. మేరీ దగ్గర కనీసం ప్రశ్నార్థకమైనా ఉంది. ఆ జాన్ దగ్గర అదీ లేదు.

ఇంటిపేరు పక్కన పెట్టి వెతకడం అంటే ఏమిటో ఒక ఉదాహరణ చెప్తాను. 1815లో ఒక బాప్తిస్మం ఉందనుకుందాం. తండ్రి జాన్, తల్లి మేరీ, అంతే. చుట్టుపక్కల అయిదు పారిష్‌లలో అంతకు ముందు పదేళ్ళలో ఆ ఇంటిపేరున్న జాన్‌లు మేరీలను చేసుకున్న పెళ్ళిళ్ళు మూడు దొరికాయి. ఏ మేరీ? ముందు ఖననాలు చూడాలి. వాళ్ళలో ఒకతె 1810లోనే పోయింది, ఒకటి తగ్గింది. తర్వాత సాక్షుల సంతకాలు. మిగిలిన రెండింటిలో ఒక పెళ్ళిలో సాక్షిగా హెస్టర్ అనే ఆవిడ ఉంది, వధువు ఇంటిపేరే ఆమెదీ. 1817లో మన జాన్ మేరీలకు పుట్టిన కూతురికి హెస్టర్ అనే పేరు పెట్టారు. చెయ్యి కాస్త వేడెక్కింది. అప్పుడు ఆ ఇంటిపేరున్న ముసలాయన వీలునామా తియ్యాలి. "ఫలానా జాన్‌కు ఇచ్చిన నా కూతురు మేరీకి ఒక మంచం, ఇత్తడి బిందె" అని ఒక్క ముక్క ఉంటే పని అయిపోయింది. అల్లుళ్ళ మీద అనుమానం ఉన్న మామగార్లు ఈ విషయంలో మహోపకారులు. కూతురి పేరూ, అల్లుడి పేరూ రెండూ స్పష్టంగా రాసిపోతారు.

పేర్ల దగ్గర కూడా మనసు కాస్త వదులు చేసుకోవాలి. పాలీ అంటే మేరీ, నాన్సీ అంటే ఆన్, ప్యాటీ అంటే మార్తా, శాలీ అంటే శారా. ఎస్తేరు, హెస్టర్ ఒకటే. మహలక్ష్మిని మాలచ్చమ్మ అని పిలుచుకునే మనకు ఇది ఒకరు చెప్పాలా? విధవ మళ్ళీ పెళ్ళి చేసుకుంటే రిజిస్టర్లో పడేది చనిపోయిన మొగుడి ఇంటిపేరు. ఆ ఒక్కటి మర్చిపోయి పుట్టింటి కోసం తప్పు ఇంట్లో పదేళ్ళు వెతికినవాళ్ళున్నారు.

ఆడవాళ్ళ వరస నిలవదనేవాళ్ళకు ఇంకొక్క ఉదాహరణ. 2012లో లెస్టర్ నగరంలో కార్ల పార్కింగు తవ్వితే ఒక అస్థిపంజరం బయటపడింది. 1485లో యుద్ధంలో చచ్చిన ఇంగ్లండు రాజు మూడో రిచర్డ్‌ది కావచ్చునన్నారు. తేల్చడం ఎలా? తల్లి నుంచి బిడ్డకు మాత్రమే వచ్చే డీఎన్ఏ ఒకటుంది. రిచర్డ్ అక్క ఆన్ నుంచి కూతురికి, ఆమె నుంచి ఆమె కూతురికి, ఇలా ఇరవై తరాల అటూ ఇటూగా ఒక్క మగవాడి మీదుగా పోకుండా వరస కట్టి, బతికున్న ఇద్దరి దాకా వచ్చారు. వాళ్ళలో ఒకాయన లండన్‌లో ఫర్నిచర్ చేసుకునే మనిషి. అస్థిపంజరం డీఎన్ఏ ఆ వరసకు సరిపోయింది. మగవరస కూడా పరీక్షించారు. అది కొడుకు నుంచి కొడుక్కి, బిరుదులతో, భూములతో, ఇంటిపేరుతో సహా పుస్తకాలకెక్కిన డ్యూకుల వంశం. అయిదుగురిని పరీక్షిస్తే ఒక్కరిదీ రిచర్డ్‌తో కలవలేదు. ఆ అయిదుగురిలో ఒకరిది మిగతా నలుగురితోనే కలవలేదు. 2014లో అచ్చయిన ఫలితం ఇది. తల్లి నిజం, తండ్రి నమ్మకం అని మన పల్లెల్లో ముసలమ్మలు ఎప్పుడో అన్నారు. రాచవాళ్ళ సంగతి కదా అంటారేమో. కానీ ఆ ఆడవరసలో చివరి తరాలు మామూలు మనుషులే. కాగితం కాగితం వెతికి ముడులు వేశారు.

ఇప్పుడు ఆ వీసం సంగతి. పెళ్ళయిన ఆడదానికి సొంత ఆస్తి హక్కు 1882 చట్టం దాకా సరిగ్గా లేదు. మొగుడు ఒప్పుకోకుండా వీలునామా రాయడానికి లేదు. అందుకని వీలునామాల్లో విధవలు, పెళ్ళికానివాళ్ళే మాట్లాడతారు, కాపురంలో ఉన్నావిడ మాట్లాడదు. మొదటి తరాల బాప్తిస్మాల్లో చాలాచోట్ల తండ్రి పేరే ఉంది, కన్నతల్లి లేదు. "ఒక బీద స్త్రీ" అని మాత్రమే రాసి పూడ్చిన సమాధులున్నాయి. వీటికి నా దగ్గర జవాబు లేదు.

అంతకంటే పెద్ద ఖాళీ మనవైపు ఉంది. ఇంగ్లీషువాళ్ళు ఆ రిజిస్టరు పద్ధతిని ఇక్కడికీ తెచ్చారు. మద్రాసు కోటలో సెయింట్ మేరీస్ చర్చి 1680లో మొదలైంది. మద్రాసు ప్రాంతపు బాప్తిస్మాల నకళ్ళు లండన్‌కు వెళ్ళాయి, ఇప్పటికీ అక్కడున్నాయి. వాటిలో కంపెనీ సిపాయిలకూ దొరలకూ ఈ దేశపు ఆడవాళ్ళ వల్ల పుట్టిన బిడ్డలున్నారు. తండ్రి పేరు, హోదా, పటాలం అన్నీ ఉంటాయి. తల్లి ఉండవలసిన చోట ఎన్నోసార్లు ఏమీ ఉండదు, లేదా "దేశీయ స్త్రీ" అని ఉంటుంది. ఆమె తెలుగుదో, అరవదో, ఏ ఊరిదో ఎవరూ అడగలేదు. ఇంగ్లండులో ఊరు ఖర్చు తప్పించుకోవడానికి పనిమనిషి చరిత్రంతా రాసుకుంది. ఇక్కడ ఈ ఆడదాని వల్ల ఏ పారిష్‌కూ ఖర్చు లేదు. కాబట్టి పేరూ లేదు. తుడిచేశారని ఆగ్రహించేవాళ్ళు ఇక్కడికి రండి, నేనూ మీ పక్కన నిలబడతాను.

ఇక్కడా కొందరు దొరికారు. హైదరాబాదులో కంపెనీ రెసిడెంటుగా ఉన్న జేమ్స్ అకిలీస్ కర్క్‌పాట్రిక్, ఖైరున్నిసా బేగంల పిల్లలిద్దరినీ ఇంగ్లండు పంపేశారు. 1806 మార్చి 25న లండన్ మారిల్‌బోన్‌లోని సెయింట్ మేరీస్ చర్చిలో వాళ్ళకు బాప్తిస్మం ఇచ్చారు. సాహెబ్ బేగం అనే చిన్నపిల్ల ఆ రోజు నుంచి క్యాథరిన్ అరోరా కర్క్‌పాట్రిక్ అయింది. ఆ రిజిస్టరు ఒక్కటే మిగిలుంటే హైదరాబాదు ఆమె బతుకులోంచి ఆనాడే పోయేది. పెద్దయ్యాక ఒక పరిచయస్తుల ఇంట్లో తనదీ అన్నదీ చిన్ననాటి చిత్రపటం కంటపడింది. ఆ దారిన హైదరాబాదులో బతికే ఉన్న అమ్మమ్మ షరఫున్నిసా ఆచూకీ తెలిసి, 1840లలో ఇద్దరి మధ్యా ఉత్తరాలు నడిచాయి. మళ్ళీ కలుసుకోలేదు. ఆ ఉత్తరాలు ఉండబట్టే మనకు అమ్మమ్మ, అమ్మ, కూతురు, మూడు తరాల ఆడవాళ్ళూ పేర్లతో సహా తెలుసు.

మేరీ పక్కన ప్రశ్నార్థకం పెట్టుకుని కూర్చున్నవాళ్ళకు నా మనవి ఒకటే. పెళ్ళి సాక్షుల సంతకాలు చూడండి. ఆ చుట్టుపక్కల మేరీ అనే కూతురున్న ప్రతి ముసలాయన వీలునామా చదవండి. ఓవర్సీర్ల ఖాతాలో బూట్ల పద్దు దాకా వెళ్ళండి. ఇవన్నీ అయ్యాక కూడా ఆమె దొరకకపోతే అప్పుడు ఆ ప్రశ్నార్థకం పెట్టండి. పెన్సిలుతో పెట్టండి. ఎలాగూ రికార్డు ఆఫీసు చదువుల గదిలోకి పెన్ను రానివ్వరు.